తెర మీది తూర్పు

విజయదుర్గ టీచరుకు బొమ్మలు వెయ్యడం రాదు. ఈ సంగతి ఆమె ఎన్నడూ దాచుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఉప్పలగుప్తం అవతల సముద్రం వారన ఉన్న బడిలో, నల్లబల్ల మీద ఆవును వేస్తే ఒక పిల్లవాడు లేచి నిలబడి, "టీచర్ గారండీ, నులకమంచానికి తోకెందుకండీ?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. అందరికంటే ముందు ఆమే నవ్వింది. మర్నాటి నుంచి బొమ్మల జోలికి పోకుండా, పాఠానికి కావలసిన వస్తువునే సంచిలో వేసుకుని తీసుకెళ్ళడం మొదలుపెట్టింది.

వస్తువుతోనూ చిక్కులు లేకపోలేదు. ఒకసారి కీళ్ళకాళ్ళ జీవుల పాఠానికి బతికున్న పీతను బకెట్లో తెచ్చి బల్ల మీద పెట్టింది. పాఠం ఎత్తుకునే లోపు పీత బల్ల దిగిపోయింది. ఆడపిల్లలు బెంచీలెక్కేశారు. మగపిల్లలు బెంచీల కింద దూరారు. అందరూ వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలే; దాన్ని ఎటు నుంచి పట్టాలో, ఎక్కడ వేలు పెట్టకూడదో వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటూ ఆమెకు చక్కగా నేర్పారు. ఆమె వాళ్ళకు నేర్పిందేమీ లేదు. గంట కొట్టేసరికి పీత దొరికింది గాని, పాఠం దొరకలేదు.

ఆ రోజు నుంచి ఆమెకొక పద్ధతి ఏర్పడింది. సంచిలో ఏముందో పిల్లలకు ముందు తెలియకూడదు. కొబ్బరి మొలకో, తుప్పు పట్టిన మేకో, పాత తాళమో, చూపించాల్సినంత సేపు చూపించి, చేతులు మారనిచ్చి, మళ్ళీ సంచిలో వేసేయాలి. సంచి మూతి బిగించాకే మాట మొదలు. పిల్లల కళ్ళు ఒకచోట, చెవులు ఒకచోట పని చేయవని ఆమె నమ్మకం.

ఆమె పుట్టింది సఖినేటిపల్లి రేవు దగ్గర. తండ్రి సింహాద్రి అక్కడి నుంచి నరసాపురానికి వశిష్ఠ గోదావరి దాటించే పంటు నడిపే సరంగు. సెలవు రోజుల్లో ఆ పంటు కమ్మీ పట్టుకుని అటూ ఇటూ తిరగడమే ఆమె ఆట. వెళ్ళేటప్పుడు సముద్రం ఎడమ చేతి వైపుండేది. వచ్చేటప్పుడు కుడి చేతికి వచ్చేది. ఆమెకది మహా వింతగా ఉండేది.

"సముద్రం ఇటొచ్చేసిందేంటి నాన్నా?"

"సముద్రం ఎక్కడిదక్కడే ఉందమ్మా. తిరిగింది మనం," అనేవాడు సింహాద్రి, చుక్కాని వదలకుండానే.

చదువు, డి.ఎస్సీ., ఉద్యోగం, పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఇన్నిటి మధ్య ఆ మాట ఆమెకు గుర్తు లేకుండా పోయింది. భర్త ప్రవీణ్ కుమార్‌కు రాజోలులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఆమె ఇప్పుడు పనిచేసేది మామిడికుదురు దాటాక కొబ్బరి తోటల మధ్య ఉన్న తాటిమెరక బళ్ళో. ఏడో తరగతి వరకూ ఉంది. అక్కడికి ఆమె వచ్చిన మరుసటి ఏడే బడికి పెద్ద టచ్ తెర వచ్చింది. ప్యానెల్ అంటారు. మంచం అంత తెర, వేలు పెడితే కదులుతుంది, మాట్లాడుతుంది, చప్పట్లు కొడుతుంది.

బొమ్మ వెయ్యడం రాని మనిషికి అలాంటిది దొరికితే ఎలా ఉంటుంది! గుండె కొట్టుకోవడం, అగ్నిపర్వతం పొంగడం, మంచు కొండ విరిగి పడడం, అన్నీ అందులోనే. "ఇంక ఆవును చూసి మంచం అనేవాడు లేడండీ," అని ఇంట్లో సంబరంగా చెప్పింది. క్లాసు గదికి తూర్పున, పడమటన కిటికీలు. ఉత్తరపు గోడ నిండా బీరువాలు. అందుకని దాన్ని దక్షిణపు గోడకు, గుమ్మం పక్కన, స్విచ్చి బోర్డు కింద బిగించారు. పిల్లలు దక్షిణం వైపు తిరిగి కూర్చుంటారు. గుమ్మం దాటితే బడి ఆవరణ. ఇందులో తప్పు పట్టాల్సిందేదీ ఎవరికీ కనిపించలేదు.

బడికి వెనక, ఉత్తరాన, రోడ్డు వారన గ్యాస్ పైపులైను వెళుతుంది. భూమిలో ఉంటుంది కాబట్టి కనపడేది పసుపు రంగు గుర్తు రాళ్ళు, ఒకచోట ఇనుప కంచెలో వాల్వూ మాత్రమే. ఊళ్ళో వాళ్ళు ఆ కంచె మీద బట్టలారేసుకోవడం మానేసి చాలా కాలమైంది; దాని గురించి మాట్లాడుకోవడం కూడా మానేశారు. ఆ సంవత్సరం, లైను దగ్గరున్న బళ్ళన్నిటిలోనూ ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో పిల్లలకు నేర్పి, డ్రిల్లు చేయించాలని కాగితం వచ్చింది. కంపెనీ తరఫున నాగేంద్ర అనే భద్రతాధికారి వచ్చాడు. మెత్తని మనిషి. పిల్లలకు చూపించమని ఒక వీడియో ఇచ్చి వెళ్ళాడు.

విజయదుర్గ అన్ని తరగతుల పిల్లల్నీ ఆ గదిలోనే కూర్చోబెట్టి దాన్ని తెర మీద వేసింది. ఎక్కడో చలి దేశంలో పెద్ద ఫ్యాక్టరీ. సైరన్ మోగుతుంది. హెల్మెట్లు పెట్టుకున్న వాళ్ళు లిఫ్టు వదిలి మెట్ల మీదుగా దిగి, ఆకుపచ్చ బోర్డు కింద నిలబడతారు. వీడియో అయిపోయాక ఆరో తరగతి దీపక్ చెయ్యెత్తాడు.

"టీచర్ గారండీ, లిఫ్టు ఎక్కకూడదంటండీ."

"అవున్రా. అర్థమైంది కదా?"

"ఆయ్. మరి మన బళ్ళో లిఫ్టు ఎక్కడుందండీ?"

ఆ వీడియో అంతటితో సరి. ఇంకా చూపిస్తే, సైరన్ మోగకపోతే ప్రమాదం లేదనుకుంటారని ఆమెకు భయం వేసింది. తాటిమెరకలో సైరన్ లేదు. ఊరి గురించి ఊరితోనే చెప్పాలనుకుంది. ఉపగ్రహం తీసిన ఊరి చిత్రాన్ని తెర మీదకు తెచ్చింది. పిల్లలు వాళ్ళ వాళ్ళ పెంకుటిళ్ళు, డాబాలు వెతుక్కుని కేరింతలు కొట్టారు. పాఠాన్ని ఒక్క మాటకు కుదించింది: గ్యాసు వాసన వస్తే గాలి ఎటు నుంచి వస్తోందో అటు నడవాలి. గాలి మొహాన కొట్టాలి. వీపున కొట్టిందంటే గ్యాసు మన వెంటే వస్తుందన్న మాట. బడికి తూర్పున కాలవ లాకులు, పడమటన తుఫాను షెల్టర్. తూర్పు గాలైతే లాకుల దగ్గరకు, పడమటి గాలైతే షెల్టర్‌కు.

తెర మీద నీలం బాణం గాలి. బాణం వచ్చిన వైపు వేలు పెడితే పచ్చ గుర్తు వెలిగి, లోపల్నించి చప్పట్లు వినిపిస్తాయి. అందరికీ తెర దగ్గరకు వచ్చే వీలుండదు కాబట్టి, కూర్చున్న చోటే చెయ్యెత్తమనేది.

"తూర్పు గాలి!"

క్లాసంతా కుడి చెయ్యి.

"పడమటి గాలి!"

ఎడమ చెయ్యి.

అందరికంటే వేగం ఏడో తరగతి కుమారిది. మధ్యాహ్న భోజనం వండే పైడమ్మ మనవరాలు. తల్లీ తండ్రీ చెరువుల పని మీద వేరే ఊళ్ళో ఉంటారు. పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. తెర చప్పట్లు కొట్టినప్పుడల్లా కుమారి వంటగది వైపు చూసేది. పైడమ్మ గరిటె పట్టుకుని కిటికీలోంచి చూస్తూ, "మాదేనండీ ఆ పిల్ల," అని ఎవరూ లేకపోయినా చెప్పేది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం డ్రిల్లు పెట్టారు. హెడ్మాస్టరు ప్రసాద్ గారు గంట గబగబా కొట్టారు. నాగేంద్ర గుమ్మం దగ్గర నిలబడి, "తూర్పు గాలి!" అని అరిచాడు. కుమారి లేచింది. వెనక అందరూ లేచారు. ఒకళ్ళనొకళ్ళు తోసుకోలేదు, ఏడవలేదు. గుమ్మం దాటి, కుడి చేతి వైపు తిరిగి, చక్కగా బారు కట్టి నడిచారు. వెనక నడుస్తున్న విజయదుర్గకు కడుపు నిండినట్టయింది.

అప్పుడు ఆమె పమిట చెంగు ముందుకు ఎగిరి మొహం మీద పడింది. తీసి వెనక్కి వేసుకుంది. మళ్ళీ ముందుకే వచ్చింది. మూడోసారి చెంగు చేతిలో పట్టుకుని ఆగిపోయింది. గాలి వీపు మీద కొడుతోంది. బారు షెల్టర్ వైపు పోతోంది.

ఆమె నోరు తెరిచేసరికే పిల్లలు షెల్టర్ మెట్లెక్కేశారు. ఇక్కడ తెర లేదు కాబట్టి తమకు తామే చప్పట్లు కొట్టుకున్నారు.

"లైను మాత్రం చాలా బాగుందండీ మేడం గారూ," అన్నాడు నాగేంద్ర.

ప్రసాద్ గారు, "మొదటిసారి కదమ్మా, వచ్చే నెల మండలం ఆఫీసు వాళ్ళ ముందు మళ్ళీ చెయ్యాలి. అప్పటికి కుదురుకుంటారు," అన్నారు. ఆయన మంచికే అన్నారు. కాని విజయదుర్గకు మండలం వాళ్ళ మీద ధ్యాస లేదు. నిజంగా ఆ వాల్వు దగ్గర ఏదైనా అయితే, తను సెలవులో ఉన్న రోజు అయితే, ఈ పిల్లలంతా ఇంత చక్కగా బారు కట్టి గ్యాసు వెంట నడుచుకుంటూ పోతారు. అలా నడవడం నేర్పింది తనే.

పైడమ్మ పళ్ళేలు కడిగించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ముఖంలో రోజూ ఉండే నవ్వు లేదు.

"టీచరు గారండీ, మాది గ్యాసులోకే తీసుకెళ్ళిందంటండీ అందర్నీ?"

"ఎవరు చెప్పేరండీ మీకు?"

"ఊరంతా చెప్తన్నారండి. దాన్ని వాళ్ళమ్మ దగ్గరికి పంపేద్దామనుకుంటున్నానండీ. ఇక్కడ ఈ గొట్టాల పక్కన నేను దాన్ని కాపలా కాయలేనండి. తెలివైన పిల్ల అనుకున్నాను. తెలివైందే అలా పోతే..."

"తప్పు దానిది కాదండీ పైడమ్మ గారూ. నాకు కొంచెం టైమివ్వండి. మండలం వాళ్ళొచ్చే రోజు దాకా చూడండి."

"అలాగేనండీ," అంది పైడమ్మ. ఒప్పుకున్నట్టు లేదు. టీచరు మాట తీసెయ్యలేక అన్నట్టుంది.

మర్నాడు బడి మొదలవక ముందే విజయదుర్గ కుమారిని పిలిచింది. పిల్ల తెర దగ్గరకు రానంది. గుమ్మం దగ్గరే నిలబడి గోరు కొరుక్కుంటోంది.

"నిన్ను తిట్టడానికి కాదమ్మా. ఎటు వెళ్ళాలని ఎలా అనుకున్నావో చూపించు, చాలు."

కుమారి తన బెంచీ దగ్గరకెళ్ళి కూర్చుంది. తెర వైపు చూసింది. కుడి చెయ్యెత్తింది. లేచి, ఆ చెయ్యి దించకుండానే గుమ్మం దాటి, ఆ చెయ్యి చూపిన వైపే తిరిగింది.

"మీరు చెప్పిన చెయ్యేనండీ," అంది.

విజయదుర్గ ఆ పిల్ల లేచిన బెంచీ మీదే కూర్చుంది. ఎదురుగా తెర మీద ఊరు. తెరకు కుడి పక్క 'తూర్పు' అని తనే పెట్టిన ఎర్ర అక్షరాలు. ఎడమ చెంప మీద వెచ్చగా ఉంది. ఎడమ వైపు కిటికీలోంచి పొద్దుటి ఎండ. ఇన్నాళ్ళూ రోజూ ఆ ఎండకు తెర మసకబారుతోందని కిటికీ తలుపు మూయిస్తూనే ఉంది. సూర్యుడు ఒకవైపు, తూర్పు ఇంకోవైపు ఉన్నాయని తోచనేలేదు.

సాయంత్రం భర్తతో అంది, "ప్యానెల్ తీసి ఉత్తరపు గోడకు పెట్టగలరా?"

"ఆ బీరువాలు ఎక్కడ పెడతారు? గోడ పాతది, కొత్త బోల్టులు పట్టదు. వైరింగంతా మార్చాలి," అన్నాడు ప్రవీణ్ కుమార్. "చిత్రాన్నే తలకిందులు చేసి చూపించొచ్చుగా?"

అదీ చేసి చూసింది. దక్షిణం పైకి పెడితే చేతులు సరిపోయాయి గాని, ఆ తర్వాతి పీరియడులో దీపక్ భారతదేశం పటంలో కన్యాకుమారిని హిమాలయాల దగ్గర వెతికాడు. పిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెడితే, తెర చూడడానికి మెడలు తిప్పి తిప్పి, పది నిమిషాలకే "టీచర్ గారండీ, మెడ పట్టేసిందండీ" అని మూలిగారు.

ఆదివారం సఖినేటిపల్లి వెళ్ళింది. సింహాద్రి ఇప్పుడు పంటు నడపడం లేదు గాని, రేవులో కూర్చోకపోతే తోచదు. తండ్రి పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. ఆయన నవ్వాడు. "పంటు తిప్పడం మర్చిపోయేవన్నమాట," అన్నాడు. మాట్లాడుతూనే పక్కనున్న నీళ్ళ కుండలో చెయ్యి ముంచి, తడి వేళ్ళు చెవి వెనక రాసుకుని, "గాలి మళ్ళుతోంది," అన్నాడు, ఎవరితోనూ కాదు, అలవాటు కొద్దీ.

సోమవారం ఆమె సంచి ఖాళీగా తీసుకెళ్ళింది. పైడమ్మ వంటగది ముందు ముగ్గు వేస్తుంటే దగ్గరకెళ్ళి నిలబడింది.

"పైడమ్మ గారూ, నాకు ముగ్గు కూడా రాదండీ. ఊరు మొత్తం ఈ ఆవరణలో వెయ్యాలి. వేస్తారా?"

"ఊరు వెయ్యడం ఏంటండీ?"

"లాకులు నిజంగా ఎటుంటే అటే లాకులు. షెల్టర్ ఎటుంటే అటే షెల్టర్. మీరు నిలబడి చెయ్యి చాపితే, ముగ్గులోదీ బయటదీ ఒకే వైపుండాలి."

"బియ్యప్పిండైతే కోళ్ళు తినేస్తాయండి ఊరిని. ముగ్గుపిండి తెస్తానుండండి," అంది పైడమ్మ. మనవరాలి మీద కోపం ఉన్నా, పని దగ్గర ఆమెకు కోపం నిలవదు.

పిల్లలు చేతులు చాపి చూపిస్తుంటే పైడమ్మ వంగి వేసుకుంటూ పోయింది. రోడ్డు, కాలవ, వాల్వు కంచె, బడి, లాకులు, షెల్టర్. నాలుగు మూలలా నాలుగు తామర పూలు కూడా వచ్చాయి.

"ఆ పూలెందుకండీ? పిల్లలు వాటినే చూస్తారు," అంది విజయదుర్గ, పీత గుర్తొచ్చి.

"మూలలు బోసిగా ఉంటే ఊరికి మంచిది కాదండీ," అంది పైడమ్మ. పూలు ఉండిపోయాయి.

గాలిని ఎలా చూపించాలన్నది ఇంకో ప్రశ్న. నాగేంద్ర ఎర్ర గుడ్డ గొట్టం ఒకటి పంపాడు, గాలి దూరితే ఉబ్బి దిక్కు చూపిస్తుంది. బాగానే పనిచేసింది. కాని పిల్లలు దాన్నే చూస్తున్నారు. అది లేని చోట ఏం చూస్తారు? నాలుగు రోజులు ఉంచి దింపేసింది. కొబ్బరి మట్టలు ఎటు వాలుతున్నాయో చూడమంది. మట్టలు కదలని పూట, అన్నం పళ్ళేలు కడుక్కున్న తడి చెయ్యి అలాగే పైకెత్తి ఉంచమంది. చల్లగా తగిలిన వైపే గాలి. రోజూ భోజనమయ్యాక, కుళాయి దగ్గర నుంచి పిల్లలంతా తడి చేతులు గాల్లోకెత్తి వచ్చి ముగ్గులోని బడి మీద నిలబడేవారు. ఆమె ఎటు అని చెప్పేది కాదు. చప్పట్లు కూడా లేవు. మిగతా సమయంలో ఆ ముగ్గు మీదే తొక్కుడుబిళ్ళ ఆడుకునేవారు, బడి నుంచి లాకులకు ఒంటికాలి మీద. కుమారి మాత్రం వరసలో వెనకే నిలబడేది. విజయదుర్గ తొందరపెట్టలేదు. ఒకరోజు పిల్లలు వాదులాడుకుంటూ, "కుమారీ, నువ్వు చెప్పవే," అన్నారు. ఆ పిల్ల చెయ్యెత్తి, కళ్ళు మూసుకుని, చెప్పింది. ఆ తర్వాత మళ్ళీ ముందుకొచ్చింది.

మార్చిలో మండలం వాళ్ళు పొద్దున్నే వస్తామన్నారు. నాగేంద్ర కాగితం కూడా రాసుకున్నాడు: ఉదయం, తూర్పు గాలి, పిల్లలు లాకుల దగ్గరకు. కాని వాళ్ళకు ఇంకో ఊళ్ళో ఆలస్యమై, వచ్చేసరికి భోజనాలయ్యాయి. ఎండ మాడుతోంది. కుర్చీలు లాకుల వైపు వేసి ఉన్నాయి.

గంట మోగింది. ఈసారి ఎవరూ ఏ గాలో అరవొద్దని విజయదుర్గ ముందే అడిగి ఒప్పించుకుంది. కుమారి గుమ్మం దాటి ఆవరణలో ఆగింది. వెనక బారు ఆగింది. కొబ్బరి చెట్ల వైపు చూసింది, భోజనమయ్యాక కడుక్కున్న తడి ఆరని చెయ్యెత్తింది. తర్వాత కుడి చేతి వైపు, షెల్టర్ వైపు తిరిగింది.

కుర్చీల దగ్గర గుసగుసలు లేచాయి. ప్రసాద్ గారు తల పట్టుకున్నారు. కిటికీలోంచి పైడమ్మ గొంతు చించుకుంది. "ఒసే! అటు కాదే! ఆ రోజూ అటే పోయేవే! ఇటు రాయే!"

కుమారి ఒక్క క్షణం తడబడింది. టీచరు వైపు చూసింది. విజయదుర్గకు నాలుక చివరి దాకా మాట వచ్చింది, ఏ మాటో ఆమెకే తెలియదు. ఆ క్షణంలో పమిట చెంగు వెనక్కి ఎగిరి బడి గోడకు తగిలింది. గాలి నైరుతి మూల నుంచి, సముద్రం మీద నుంచి, నేరుగా మొహాన కొడుతోంది. పొద్దుటి గాలి ఎప్పుడో మళ్ళిపోయింది. ఆమె పెదవులు బిగించి, చేతులు కట్టుకుని నిలబడింది.

కుమారి అమ్మమ్మ వైపు చూడకుండా నడిచింది. బారు కదిలింది. చివర్లో ఉన్న ఇద్దరు చిన్నవాళ్ళు కుర్చీల్ని చూసి లాకుల వైపు పరిగెత్తబోతే, దీపక్ వాళ్ళ చొక్కాలు పట్టి లాగాడు.

నాగేంద్ర తన కాగితం చూశాడు, కొబ్బరి మట్టలు చూశాడు. జేబులోంచి పెన్ను తీసి 'తూర్పు' కొట్టేశాడు. "గాలి మారిందండీ," అని మండలం వాళ్ళతో చెప్పి, వాళ్ళను కుర్చీల్లోంచి లేపి పిల్లల వెనక తీసుకెళ్ళాడు.

షెల్టర్ మెట్ల మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుమారి మొహం ఎర్రగా ఉంది.

"టీచర్ గారండీ, కరెక్టేనాండీ?"

"నన్నెందుకు అడుగుతావు? మొహానికి ఏం తగుల్తోంది?"

"గాలండీ."

"మరింకేం?"

పైడమ్మ గరిటెతో సహా రొప్పుకుంటూ వచ్చింది. "ఎంత అరిచినా విందా చూడండి! ఎంత పొగరండీ దీనికి!"

"వినకపోవడమే మంచిదైందండీ పైడమ్మ గారూ. తప్పు మీరు చెప్పేరు."

పైడమ్మ కొబ్బరి మట్టల వైపు చూసింది. కొంగుతో మనవరాలి మొహం గట్టిగా తుడిచింది. "ఇంటికి రా, చెప్తాను నీ పని," అంది. వాళ్ళమ్మ దగ్గరికి పంపే మాట ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు మండలం వాళ్ళు ముగ్గు ముందు ఆగారు. నాగేంద్ర ఫోను తీసి తామర పూలతో సహా ఫొటో తీసుకున్నాడు.

"అన్ని బళ్ళకూ పంపిస్తానండీ మేడం గారూ. పెద్దగా ప్రింటు తీయించి..."

"పంపండీ," అంది విజయదుర్గ. "గోడకి మాత్రం పెట్టొద్దని చెప్పండి."